తీరిక వేళ: నమూనా హెలికాప్టర్‌కు రిసీవర్ బ్యాటరీ

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో ఎక్కువ భాగం తోటపని, నాణేల సేకరణ, ఫోటోగ్రఫీల గురించే ఉంటాయి. ఈ పర్యాయం విద్యుత్ నిర్వహణ విభాగానికి చెందిన ఒక మిత్రుని నుండి భిన్నమైన ఉత్తరం అందినది. ఇంజనీరింగ్ చదువుతున్న ఆయన కుమారునికి డాలస్‌లో ఉన్న మేనమామ తాను వాడి పక్కన పెట్టిన ఒక రేడియో కంట్రోల్ హెలికాప్టర్‌ను తెచ్చి ఇచ్చారట. అది గ్లో ఇంజనుతో నడిచే మధ్య తరహా నమూనా. దానితో పాటు నాలుగు సెల్లుల నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ ప్యాక్ ఒకటి వచ్చింది. "చార్జి చేసి మల్టీమీటరు పెడితే 5.2 వోల్టులు చూపుతోంది. నాలుగు సెల్లులకు 4.8 ఉండవలసిన చోట 5.2 ఉన్నది గదా, దీనితో నిశ్చింతగా ఎగురవేయవచ్చునా?" అని ఆయన ప్రశ్న.

ప్రశ్న చిన్నదే గాని, దానికి సమాధానం ఒక్క మాటలో తేలేది కాదు. మా మాట ముందుగా చెప్పివేస్తాము: ఆ 5.2 వోల్టులను నమ్మి ఆ యంత్రాన్ని నేల విడువనీయరాదు. ఎందుకు నమ్మరాదో, మరి దేనిని నమ్మవలెనో వివరించడమే ఈ నెల మా పని.

విమాన నమూనాకూ హెలికాప్టర్ నమూనాకూ ఉన్న తేడాను మొదట గమనించాలి. రెక్కల విమానానికి ఆజ్ఞలు అందకపోతే కొంతదూరమైనా తనంతట తాను తేలుతూ పోగలదు. హెలికాప్టర్‌కు అటువంటి సహజ స్థిరత్వం లేదు. ఇంజను ఆగిపోయినా నేర్పు గల చేతిలో అది ఆటోరొటేషన్ అనే పద్ధతిలో, తిరుగుతున్న రెక్కల వేగాన్నే ఆధారం చేసుకుని క్షేమంగా దిగగలదు. కానీ ఆ విద్య ఫలించాలంటే రెక్కల వాలును మార్చే సర్వోలు పనిచేస్తూ ఉండాలి. సర్వోలకు, గైరోకు, రిసీవర్‌కు కరెంటు ఇచ్చేది ఈ చిన్న బ్యాటరీయే. అంటే ఇంజను పోతే దారి ఉన్నది. రిసీవర్ బ్యాటరీ పోతే లేదు.

మన సంస్థలో సబ్‌స్టేషన్ పని తెలిసిన వారికి ఇది కొత్త సంగతి కాదు. అక్కడి బ్యాటరీ గదిలోని డీసీ సరఫరా లైటు వెలిగించడానికో, ఫ్యాను తిప్పడానికో పెట్టినది కాదు. ఏసీ అంతా పోయిన క్షణంలో కూడా రిలేలు పనిచేయాలి, బ్రేకరు ట్రిప్ కావాలి. అందుకే పైలట్ సెల్ రీడింగులు, హైడ్రోమీటరు, రిజిస్టరు అంటూ అంత తంతు. నమూనా హెలికాప్టర్‌లో రిసీవర్ బ్యాటరీ స్థానం సరిగ్గా అదే. బరువు వంద గ్రాములు ఉన్నా, దానికీ ఒక రిజిస్టరు పెట్టవలసిందే.

ప్రమాదం ఎంతటిదో కూడా లెక్క వేసి చూద్దాము. 700 మిల్లీమీటర్ల రెక్కలు గల పెద్ద నమూనాలో రోటర్ నిమిషానికి 2000 చుట్లు తిరుగుతున్నదనుకుంటే, రెక్క కొస వేగం గంటకు 500 కిలోమీటర్లు దాటుతుంది. ఈ నమూనా సెకనుకు 20 మీటర్ల వేగంతో పోతున్నప్పుడు రిసీవర్ ఒక్క సెకను మూగపోతే, అది 20 మీటర్లు ఎవరి అదుపూ లేకుండా ప్రయాణిస్తుంది. కాలనీ మైదానంలో క్రికెట్ ఆడుతున్న పిల్లలు సాధారణంగా అంతకంటే దూరంగా ఏమీ ఉండరు. దీనిని ఆటబొమ్మ అని పిలవడం మాకు మొదటి నుండీ ఇష్టం లేదు.

ఇక వోల్టుమీటరు ఎందుకు మోసం చేస్తుందో చూద్దాము. నికెల్ జాతి సెల్లు నామమాత్రపు వోల్టేజి 1.2. చార్జి నిండిన కొద్ది సేపటికి ఏ బరువూ లేకుండా కొలిస్తే 1.3 పైమాటే చూపుతుంది. కొత్త సెల్లూ అంతే, ప్రాణం సగం పోయిన సెల్లూ దాదాపు అంతే. తేడా తెలిసేది కరెంటు లాగినప్పుడు. హెలికాప్టర్‌లో స్వాష్‌ప్లేటును మోసే సర్వోలు మూడు, తోకకు ఒకటి, ఇంజనుకు ఒకటి. తోక సర్వో గైరో ఆజ్ఞ మీద క్షణం తీరిక లేకుండా కదులుతూనే ఉంటుంది. పాత అనలాగ్ సర్వో తన మోటారుకు సెకనుకు 50 సార్లు విద్యుత్ స్పందనలు పంపేది. డిజిటల్ సర్వో 300 సార్లు, ఆపైన పంపుతుంది. అందువల్ల దాని పట్టు గట్టిది, ఆకలి కూడా గట్టిదే. ఒక్కసారిగా స్టిక్కులు విసిరినప్పుడు అన్ని సర్వోలూ కలిసి రెప్పపాటు కాలం 5 ఆంపియర్లు లాగడం వింత కాదు.

ఇప్పుడు ఓమ్ సూత్రం తీయండి. బ్యాటరీ లోపలి నిరోధం, తీగలు, స్విచ్చి, కనెక్టర్లు అన్నీ కలిపి 0.2 ఓము అనుకుందాము. 5 ఆంపియర్ల వద్ద 1 వోల్టు దారిలోనే పోతుంది. 4.8 వోల్టులు 3.8 అవుతాయి. బ్యాటరీ ముసలిదై మొత్తం నిరోధం 0.3 ఓము అయితే రిసీవర్‌కు చేరేది 3.3 వోల్టులు. ఈనాటి 2.4 గిగాహెర్ట్జ్ రిసీవర్లలో ఉన్నది ఒక చిన్న కంప్యూటరు. వాటిలో చాలావాటికి 3.5 వోల్టుల ప్రాంతంలోనే స్పృహ తప్పుతుంది. వెనుకటి 72 మెగాహెర్ట్జ్ రిసీవర్లు ఇంతటి కుంగుబాటును కొంత వరకు సహించేవి. సర్వోలు నీరసించేవి గాని, వోల్టేజి కోలుకోగానే పని సాగిపోయేది. కొత్తవి అలా కాదు, మళ్లీ మొదటి నుండి మేలుకోవాలి. తొలినాటి 2.4 రకాలలో కొన్నింటికి ఇందుకు అనేక సెకన్లు పట్టేది. ఇప్పటివి చాలా త్వరగా కోలుకుంటాయి. అయినా పైన చెప్పిన 20 మీటర్ల లెక్కను మరువరాదు.

ఇందులోని చిత్రమైన సంగతి మరొకటి. రిసీవర్ మూగపోగానే సర్వోలు ఆగుతాయి, బరువు తొలగుతుంది, బ్యాటరీ వోల్టేజి యథాస్థానానికి వస్తుంది. ముక్కలైన యంత్రం దగ్గరకు పోయి మీటరు పెడితే మళ్లీ 5 వోల్టులు! అప్పుడు నింద రేడియో మీద పడుతుంది, లేకుంటే పక్కన ఉన్న సెల్‌ఫోను టవరు మీద. అసలు నేరస్థుడు చేతులు కడుక్కుని సాక్షులలో కలిసిపోతాడు.

ఎంపిక విషయానికి వస్తే, నికెల్ కాడ్మియం బ్యాటరీ అన్నింటిలో పాతది. 1899లో స్వీడన్‌కు చెందిన వాల్డెమార్ యుంగ్నర్ దానిని కనిపెట్టారు. 1970 ప్రాంతంలో జర్మనీకి చెందిన డీటర్ ష్లూటర్ రేడియో కంట్రోల్ హెలికాప్టర్‌ను నిజంగా ఎగిరే వస్తువుగా నిరూపించిన తరువాత చాలా ఏళ్లు ఈ బ్యాటరీలదే రాజ్యం. అడిగినంత కరెంటును ముఖం చిట్లించకుండా ఇవ్వడంలో దానికి మంచి పేరు. అయితే కాడ్మియం విషపదార్థం, సామర్థ్యమూ తక్కువ. నేడు కొత్తగా కొనదగినది కాదు. ఎవరి ఇంట్లోనైనా పాతది మిగిలి ఉంటే దాని నల్ల తీగను పరీక్షించండి. సెల్లు నుండి ఊరిన క్షారం ఋణ ధ్రువపు తీగ వెంట పాకి, పైతొడుగు లోపల రాగిని నల్లగా తినివేస్తుంది. బయటికి తీగ బాగానే కనిపిస్తుంది. కొద్దిగా ఒలిచి చూస్తే రాగి ఎర్రగా మెరవాలి. నల్లబడితే ప్యాక్, తీగ, ఆ తీగ దూరిన స్విచ్చి అన్నీ మార్చవలసినవే.

నికెల్ మెటల్ హైడ్రైడ్ రకానిది వోల్టేజి అదే, సామర్థ్యం ఎక్కువ. సాధారణ రకం ఊరికే ఉంచినా నెల తిరిగేసరికి చెప్పుకోదగినంత చార్జి పోగొట్టుకుంటుంది. 2005లో సాన్యో సంస్థ ఎనెలూప్ పేరుతో తెచ్చిన రకం, ఆ తరువాత అదే బాటలో వచ్చినవి ఈ లోపాన్ని బాగా తగ్గించాయి. హెలికాప్టర్‌కు ఈ జాతిని వాడదలిస్తే నాలుగు కాదు, ఐదు సెల్లుల ప్యాక్ వాడాలి. పైన వేసిన లెక్కలో ఆ ఐదవ సెల్లు ఇచ్చే 1.2 వోల్టులే రిసీవర్‌ను నిలబెడతాయి. ఒక్క జాగ్రత్త: పాత తోక సర్వోలు కొన్ని 4.8 వోల్టులకు మాత్రమే తయారైనవి. వాటికి మధ్యలో వోల్టేజి తగ్గించే చిన్న సాధనం పెట్టాలి. ఇంకొక మాట, టార్చిలైటులో లాగా సెల్లులను స్ప్రింగుల మధ్య దూర్చే ప్లాస్టిక్ పెట్టె హెలికాప్టర్‌లోకి ఎన్నటికీ రాకూడదు. ఇంజను అదురుకు ఆ స్ప్రింగు ఒక్క క్షణం వదులైతే చాలును. పలకలు వెల్డింగు చేసిన ప్యాక్ మాత్రమే కొనండి. సెల్లుల మీద నేరుగా సోల్డరింగు చేయడానికి పూనుకోవద్దు, ఆ వేడికి లోపలి సీలు చెడుతుంది.

లిథియం జాతిలో రెండు దారులున్నాయి. లిథియం అయాన్, లిథియం పాలిమర్ సెల్లు నామమాత్రం 3.7 వోల్టులు, నిండితే 4.2. రెండు సెల్లులు కలిపితే 8.4 వరకు పోతుంది. అధిక వోల్టేజి సర్వోలకు ఇది నేరుగా సరిపోతుంది. సాధారణ సర్వోలకైతే రెగ్యులేటరు తప్పనిసరి. లీనియర్ రెగ్యులేటరు 8 వోల్టులను 5.5 చేస్తూ 1 ఆంపియరు పంపితే 2.5 వాట్లు వేడిగా పోవాలి; గాలి ఆడని మూల దానిని బిగించిన వారు ఫలితం అనుభవిస్తారు. అదీగాక బ్యాటరీకి రిసీవర్‌కు నడుమ చెడిపోగల వస్తువు మరొకటి చేరినట్లే. ఆపైన పాలిమర్ సెల్లు దెబ్బ తగిలినా, అతిగా చార్జి అయినా ఉబ్బి నిప్పు అంటుకోగలదు.

రెండవ దారి లిథియం ఐరన్ ఫాస్ఫేట్. లిథియం అయాన్ బ్యాటరీకి గాను 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన ముగ్గురిలో ఒకరైన జాన్ గుడ్‌ఇనఫ్ బృందమే 1990లలో టెక్సాస్‌లో ఈ పదార్థాన్ని వెలుగులోకి తెచ్చింది. సెల్లు 3.3 వోల్టులు, రెండు కలిపితే 6.6. ఆరు వోల్టుల ప్రాంతంలో పనిచేసే సర్వోలు చాలావాటికి రెగ్యులేటరు లేకుండా నేరుగా ఇవ్వవచ్చు. చార్జరు నుండి తీసిన వెంటనే 7.2 ఉండి త్వరలోనే దిగుతుంది గనుక, సర్వో తయారీదారు అనుమతించిన గరిష్ఠ వోల్టేజి చూసుకోవాలి. నిప్పు భయం మిగిలిన లిథియం రకాల కంటే తక్కువ. ఇప్పుడు కొత్తగా ప్యాక్ కొనేవారికి మా ఓటు దీనికే. అయితే చార్జరులో దీనికి ప్రత్యేకంగా ఉన్న 3.6 వోల్టుల పద్ధతినే ఎంచుకోవాలి. పాలిమర్ పద్ధతిలో పెడితే ప్యాక్ పాడవుతుంది.

విద్యుత్ మోటారుతో నడిచే నమూనాలలో ప్రధాన బ్యాటరీ నుండే రిసీవర్‌కు కరెంటు ఇచ్చే బెక్ అనే సాధనం ఉంటుంది. చిన్నవాటికి అది చాలు. పెద్ద వాటిలో ఆ బెక్ చెడితే ఆదుకోవడానికి చిన్న రెండవ బ్యాటరీ పెట్టడం మంచి పద్ధతి.

ఎంత మంచి ప్యాక్ కొన్నా నిఘా లేకపోతే వృథా. ఇందుకు ఖరీదైన పరికరాలు అవసరం లేదు. మిత్రుడు ఎలక్ట్రికల్ మనిషి గనుక ఈ పని ఆయనకు పది నిమిషాలది: 5 ఓముల, 10 వాట్ల రెసిస్టరు ఒకటి తీసుకుని దానికి సర్వో కనెక్టరు బిగించండి. ప్యాక్‌కు తగిలిస్తే సుమారు 1 ఆంపియరు లాగుతుంది. పది సెకన్లు ఆగి, రెసిస్టరు తగిలి ఉండగానే మీటరు చూడండి. నాలుగు సెల్లుల ప్యాక్ 4.8కి, ఐదు సెల్లులది 6.0కి దిగువకు జారితే ఆ రోజు ఎగురవేత లేదు. రెసిస్టరు వేడెక్కుతుంది, వేలు పెట్టకండి. ఉదయం ఇంట్లో ఒకసారి చేసి ఊరుకోక, ప్రతి ఎగురవేతకు ముందు మైదానంలో చేయాలి.

ఈ పరీక్ష ఐరన్ ఫాస్ఫేట్ ప్యాక్‌కు చాలదు. దాని వోల్టేజి చార్జి నిండుగా ఉన్నప్పుడూ, అయిదవ వంతుకు దిగినప్పుడూ దాదాపు ఒకే మాదిరి ఉండి, ఆఖరున గోడ దూకినట్లు పడిపోతుంది. ఆకుపచ్చ, ఎరుపు దీపాలు చూపే చిన్న సూచికలు అందుకే ఈ రకం బ్యాటరీకి పనికిరావు. పచ్చదీపం చూస్తూ ఉండగానే యంత్రం కూలవచ్చు. దీనికి తగిన పద్ధతి పద్దు రాయడం. ఎగురవేసిన తరువాత చార్జి చేస్తే, ఎన్ని మిల్లీ ఆంపియర్ గంటలు తిరిగి ఎక్కాయో నేటి చార్జర్లు అంకెలలో చూపుతాయి. పది నిమిషాల ఎగురవేతకు 220 ఎక్కిందనుకుందాము. ప్యాక్ సామర్థ్యం 2000. అందులో అరవై శాతానికి మించి వాడరాదన్నది మా నియమం. అంటే 1200, లెక్కకు అయిదు ఎగురవేతలు. ఆరవది ఎంత ముచ్చటగా ఉన్నా మరునాటికి వాయిదా. నికెల్ జాతిలో చార్జి చేసేటప్పుడు కొంత వేడిగా పోతుంది గనుక చార్జరు అంకె నిజ వాడకం కంటే కాస్త ఎక్కువే ఉంటుంది. ఆ పొరపాటు మన క్షేమం వైపే మొగ్గుతుంది.

ఈ పద్దు వల్ల బ్యాటరీకి మించిన లాభం మరొకటి ఉన్నది. ఎప్పుడూ 220 ఎక్కేది ఒక ఆదివారం 310 ఎక్కిందనుకోండి. ఎగురవేసిన తీరు మారలేదు. అప్పుడు బ్యాటరీని గాక కడ్డీలను, బంతి కీళ్లను, సర్వోలను పట్టి చూడాలి. ఎక్కడో ఒక లింకు బిగుసుకుని సర్వో దానితో పెనుగులాడుతూ ఉంటుంది. యంత్రం నోరు తెరిచి చెప్పకముందే పుస్తకం చెబుతుంది. మన మోటార్ల ఆంపియర్ రీడింగులు రోజూ రాసే వారికి ఈ రహస్యం ఎవరూ నేర్పనక్కరలేదు.

రెండు నెలలకొకసారి చార్జరులోని డిశ్చార్జి పద్ధతితో ప్యాక్ నిజ సామర్థ్యాన్ని కొలవాలి. నికెల్ సెల్లును 1.0 వోల్టు కంటే దిగువకు దింపరాదు, బలహీనమైన సెల్లు తిరగబడి పాడవుతుంది. లేబులు మీద ఉన్న అంకెలో 80 శాతం కూడా ఇవ్వని ప్యాక్‌ను హెలికాప్టర్ నుండి తొలగించండి. టార్చికో, గోడ గడియారానికో వాడుకుంటే అభ్యంతరం లేదు.

ప్యాక్ మంచిదై, దారి చెడ్డదైన సందర్భాలు ఎన్నో. స్విచ్చి లోపలి పలకలు అదురుకూ, పొగతో వచ్చే నూనె జిడ్డుకూ అరుగుతాయి. ఏడాదికొకసారి స్విచ్చి మార్చడం పిసినారితనం చూపవలసిన చోటు కాదు. బ్యాటరీ నుండి రిసీవర్‌కు ఒక తీగ జతకు బదులు రెండు జతలు వేస్తే నిరోధం తగ్గుతుంది, ఒకటి ఊడినా రెండవది ఉంటుంది. ప్యాక్‌ను నురుగు రబ్బరులో చుట్టి కట్టాలి. వోల్టేజిని గాలిలో నుండే పంపే టెలిమెట్రీ గల రేడియో ఉన్నవారు అందులో కనిష్ఠ వోల్టేజి అంకెను చూడాలి. సగటు అంకె చూసి సంతోషించి లాభం లేదు. రెప్పపాటు కుంగుబాట్లను కొన్ని టెలిమెట్రీలు పట్టుకోలేవు గనుక, అది ఉన్నదని రెసిస్టరును అటక ఎక్కించవద్దు.

గృహిణులకు, పెద్దలకు ఒక విన్నపం. లిథియం ప్యాక్‌ను పడకగదిలో రాత్రంతా చార్జికి పెట్టి నిద్రించడానికి పిల్లలను అనుమతించవద్దు. పరదాలకు, పరుపులకు దూరంగా, రాతి గచ్చు మీద, మనిషి కళ్ల ఎదుట మాత్రమే చార్జి జరగాలి. పక్కన బొక్కెనలో పొడి ఇసుక ఉంచండి. రోహిణీ కార్తెలో తలుపులు వేసిన కారులో బ్యాటరీ వదిలిపెడితే దాని ఆయుష్షు ఒక్క మధ్యాహ్నంలో ఎంతో తరిగిపోతుంది. ఉబ్బిన ప్యాక్‌ను పొడిచి చూడడం, నొక్కి చూడడం ప్రాణాంతకం.

మన టౌన్‌షిప్ కర్మాగారానికి ఆనుకుని ఉన్నది. డ్రోన్ నియమావళి, 2021 గగనతలాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలుగా విభజించింది. ఎగురవేయదలచిన చోటు ఏ మండలంలో ఉన్నదో చూసుకుని, మన భద్రతా విభాగానికి ముందుగా తెలియజేయడం ఉభయులకూ క్షేమం.

ఉత్తరం రాసిన మిత్రుని ప్యాక్ సంగతి: రెసిస్టరు పరీక్ష, సామర్థ్య పరీక్ష రెండూ చేయండి. రెండింటిలో నెగ్గితే వర్క్‌షాపు బల్ల మీద సర్వోలు సరిచూసుకోవడానికి ఉంచుకోండి. ఎగురవేయడానికి మాత్రం కొత్త ప్యాక్ కొనండి. బావమరిది గారు మళ్లీ వచ్చేటప్పుడు తెస్తానంటే, విడి లిథియం బ్యాటరీలు చెక్-ఇన్ సామానులో పెట్టరాదని, చేతి సంచిలోనే, కొసలకు టేపు చుట్టి తేవాలని చెప్పండి. 100 వాట్ గంటల లోపు వాటికి మామూలుగా అనుమతి ఉంటుంది, 6.6 వోల్టుల, 2000 మిల్లీ ఆంపియర్ గంటల ప్యాక్ 13.2 మాత్రమే. పనికిరాని పాత ప్యాక్‌లను చెత్తకుండీలో వేయకండి. బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు, 2022 ప్రకారం వాటిని తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులది. అధీకృత సేకరణ కేంద్రానికి అప్పగించండి.

గైరో సర్దుబాటు గురించి ఇద్దరు పాఠకులు అడిగారు. దానిని వచ్చే సంచికలో చేపడతాము.